ఆగిన చోట కాక రాసిన మాట

పోయిన నెల ఒక పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసి, "మీ కాక పోయిండు బిడ్డా" అంది. ఆయన మాకు చుట్టం కాడు. జహీరాబాద్‌లో మా పుట్టింటి పక్కింటాయన. ముందు గదిలో సినిమా సీడీలు అద్దెకిచ్చే దుకాణం నడిపేవాడు. మా ఈడు వాళ్లందరికీ ఆయన కాక, ఆయన భార్య చిన్నమ్మ.

ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, అప్పట్లో సినిమా చూడటమంటే సీడీతో కుస్తీ పట్టడమే. సరిగ్గా రసపట్టులో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, హీరో తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయేవాడు. తీసి, ఊది, కొంగుతో తుడిచి పెడితే మళ్లీ మొదటికి వచ్చేది. నాకు ఓపిక ముందే తక్కువ. సీడీ పట్టుకొని పోట్లాటకు పోయేదాన్ని. ఆయన పాత ధోతి ముక్కతో నడిమి నుంచి అంచుకు తుడుస్తూ, "గుండ్రంగ తుడవొద్దు బిడ్డా, గీతలు పడ్తయి. జర నిమ్మళం" అనేవాడు.

ఏ సీడీ ఎక్కడ ఆగుతుందో, ఆ ముక్కలో ఏం జరుగుతుందో అట్ట మీద పెన్నుతో రాసిపెట్టేవాడు. 'ఈడ ఆగుతది. తమ్ముడు తప్పు ఒప్పుకుంటడు. ముందుకు జరుపుకోండ్రి.' ఒకసారి న్యాల్‌కల్ నుంచి బస్సెక్కి వచ్చినాయన, ఆఖరి సీనే కనబడలేదని గొడవకు దిగాడు. కాక ఆయన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, తండ్రీ కొడుకుల వేషాలు రెండూ తానే కట్టి కథ ముగించాడు. వచ్చినాయన కళ్లు తుడుచుకొని మరో సీడీ తీసుకుపోయాడు.

సినిమాలు ఫోన్లలోకి వచ్చేశాక దుకాణం మూతపడింది. కాక కుంగిపోతాడనుకున్నాను. "మంచిగైంది. సినిమా ఆగకుంట నడుస్తే అంతకన్న ఏం గావాలె" అన్నాడు. ఒకనాడు నా కూతురి ఫోన్‌లో చూస్తుంటే నెట్ పోయి బొమ్మ నిలిచిపోయింది. కాక జేబులోంచి ఆకుపచ్చ అంచున్న ధోతి ముక్క తీసి, ఫోన్‌ను నడిమి నుంచి అంచుకు తుడిచాడు. అప్పుడే నెట్ వచ్చింది. "చూసినవా" అన్నాడు మహా గర్వంగా.

ఏ ఫోన్‌లోనూ దొరకనిది ఒక్కటే, నా పెళ్లి సీడీ. అమ్మ పోయి పన్నెండేళ్లు. ఆమె గొంతు మిగిలింది అందులోనే. నన్ను కోహీర్‌లో అత్తారింటికి పంపుతూ, అప్పగింతలప్పుడు నాతో మాట్లాడే చోటికి వచ్చి అది ఆగిపోయేది. ఆ ఏడుపులో అమ్మ ఏమందో నాకు గుర్తు లేదు. బాగుచేసేవాళ్లంతా తమ వల్ల కాదన్నారు. ఆ మాట ఇక ఎప్పటికీ వినలేనేమోనని భయపడ్డాను. దసరాకు ముందు కాక దాన్ని అడిగి తీసుకున్నాడు. "ఫికర్ చెయ్యకు, నేను చూస్త గద" అన్నాడు.

దినాలయ్యాక చిన్నమ్మ బీరువాలోంచి ఆ సీడీనీ, ఒక పెన్‌డ్రైవ్‌నూ తీసిచ్చింది. "దవాఖానకు పోయే ముందటి దినం దాక దీని మీదనే కూసున్నడు. నీకిమ్మన్నడు" అంది. ఎన్నిసార్లు తుడిచాడో, ఎన్ని కంప్యూటర్లలో పెట్టి చూశాడో. ఇంట్లో వాళ్లయినా నా కోసం ఇంత ఓపిక పట్టి ఉండరు. ఆయన రుణం తీరేది కాదు.

నా కూతురు పెన్‌డ్రైవ్‌లో ఉన్న పెళ్లి వీడియోను ఫోన్‌లోకి ఎక్కించింది. "ఏడ్వకు బిడ్డా" అంది అమ్మ. అమ్మ గొంతే. అంతలో బొమ్మ బిగుసుకుపోయింది, ఎప్పుడూ ఆగే చోటే. నా కూతురు సీడీ అట్ట తిప్పి, కాక రాసింది పైకి చదివింది.

'ఈడ కొంచెం ఆగుతది. నా తోని కాలేదు. నేను పక్కకే ఉండి విన్న. మీ అమ్మేమో, కోహీర్ ఎంత దూరం బిడ్డా, బుధవారం నేనే వస్త, జొన్నరొట్టెలు తెస్త అన్నది. అని నవ్వింది. ముందుకు నడుస్తది, చూడు.'

చదవడం అయ్యేసరికి బొమ్మ కదిలింది. అమ్మ నవ్వుతూ నా చెంపలు తుడుస్తోంది. ఆమె భుజం వెనకాల, అప్పటికింకా కొత్తదైన ఆకుపచ్చ అంచు ధోతి కట్టుకొని, మా మాటలు వింటూ కాక నిలబడి ఉన్నాడు.