గది వేడిని ముందు రాయించిన సుభద్రమ్మ గారు

మా గురువు సుభద్రమ్మ గారు ఇక లేరన్న వార్త గిద్దలూరు నుంచి ఫోనులో వచ్చినప్పుడు నేను మార్కాపురం కళాశాల ప్రయోగశాలలో ఒక తేనె నమూనా ముందు కూర్చుని ఉన్నాను. చేస్తున్న పని ఆపేశాను. మొన్ననే కదా ఫోను చేసి "ఏందమ్మా, గది ఎంతుంది?" అని అడిగారు! బాగున్నావా అని అడగడం ఆమెకు రాదు. గదిలో వేడి ఎంతుందో అడగడమే ఆమె పలకరింపు.

రాచర్ల దగ్గర గొర్రెల కాపరుల ఇంట పుట్టి, చక్కెరల రసాయనశాస్త్రంలో అసమాన ప్రజ్ఞ సాధించిన విదుషి ఆమె. వెంట్రుకంత సన్నని గాజు గొట్టంలో ద్రావణం నింపి, విద్యుత్తు పెట్టి, తేనెలోని చక్కెరలను వేటికవి విడదీసేవారు. చక్కెరకు సొంతంగా విద్యుదావేశం ఉండదు. ద్రావణంలో బోరేటు అనే లవణం కాస్త కలిపితే అది ఒక్కో చక్కెరను ఒక్కో తీరుగా పట్టుకుంటుంది, అప్పుడు ఏది ఏదో తెలుస్తుంది. గది వేడెక్కితే ఆ పట్టు సడలుతుంది, ద్రావణం పలచబడుతుంది, అన్నీ తొందరపడి వచ్చేస్తాయి. అందుకే ఫలితాల కాగితం మీద తేదీ కంటే ముందు ఉష్ణోగ్రత రాయాలన్నది ఆమె శాసనం.

"మా నాయన గొర్రెకు మందు పోసే ముందు చెవి పట్టుకొని చూసేవాడు. ఒళ్లు కాలతా ఉందో లేదో చూడకుండా మందేంది?" అనేవారు. మహామహులున్న సభలోనూ ఆ మాట అదే యాసలో చెప్పారు. వెనక ఎవరో నవ్వితే "నవ్వండి నాయనా, కానీ వేడి రాయండి" అన్నారు. ఆమె నా గురువని గర్వంగా చెప్పుకోవడానికి ఆ రోజు నాకు ఒక్క నోరు చాల్లేదు.

ఒక ఎండాకాలం దోర్నాల అడవిలో తేనె తీసేవాళ్ల సరుకు మా దగ్గరికి పరీక్షకు వచ్చింది. ఫలితాల కాగితం మీద చెరకు చక్కెర వచ్చే చోట గీత లేచింది. కల్తీ అని రాసి పంపాం, ఆమె సంతకం చేశారు. వాళ్ల దగ్గర కొనే వ్యాపారి సరుకు తిప్పి పంపేశాడు. నాలుగు రోజులకు తేనె తీసే ఈదన్న మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, కొండకు తాడేసుకొని దిగి తెచ్చినాం. ఇప్పుడు అందరూ మమ్మల్ని దొంగలంటా ఉండారు."

సుభద్రమ్మ గారు పాత కాగితం తీయించారు. ఉష్ణోగ్రత రాసే చోటు ఖాళీగా ఉంది. ఆ రోజు ఏసీ పాడై గది కుంపటిలా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. గది చల్లబరిచి మళ్లీ పరీక్ష చేశారు. గీత తన చోటికి తాను పోయింది. తేనెలో చిటికెడు చెరకు చక్కెర కలిపి చూస్తే దాని గీత వేరే చోట లేచింది. అంటే మేము కల్తీ అన్నది తేనెలో సహజంగా ఉండే చక్కెరే, వేడికి ముందుగా వచ్చింది.

మర్నాడే బస్సెక్కి దోర్నాల వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. వ్యాపారిని పిలిపించి, తేనె తీసేవాళ్లందరి ముందూ నిలబడి అన్నారు:

"తేనె మంచిది. పరీక్షే తప్పుగా చేసినాం. ఆ తప్పు నాది."

కొత్త కాగితం ఈదన్న చేతికే ఇచ్చారు. అతను దాన్ని కళ్లకద్దుకుని "ఇంత చదువుకున్నామె మా కాడికొచ్చి ఈ మాట అనింది, ఇంకేం కావాల" అన్నాడు. వ్యాపారి తలొంచుకుని సరుకు తీసుకున్నాడు.

ఏసీ పాడైన ఆ రోజు ఉష్ణోగ్రత రాయకుండా పరీక్ష చేసింది నేను. ఆమెకు తెలుసు. అక్కడ నా పేరు చెప్పలేదు, తర్వాతా ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఇన్నేళ్లు నోరు విప్పలేదు. ఈదన్నా, ఆ తప్పు నాది. ఆమె శిష్యురాలినని గర్వంగా చెప్పుకోవాలంటే ఇది ముందు చెప్పాలి.

ఆమె లేని లోటు తీరేది కాదు. ఫోను పెట్టేశాక కళ్లు తుడుచుకుని ఆగిన పని మళ్లీ మొదలుపెట్టాను.

మేడం, గది ఇరవై అయిదు ఉంది. అన్నిటికంటే పైన రాశాను.