సుజాతమ్మ పోపుల డబ్బా

సుజాతమ్మకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. మనిషి తల తన చేతికి అందితే చాలు, "చెవుల్లో ఏమన్నా ఉండాదా? ఉంటే తీసి డబ్బాలో పెట్టు" అంటుంది. డబ్బా అంటే పోపుల డబ్బా. బాగేపల్లి బస్టాండు వెనక ఆమె నడిపే బ్యూటీ పార్లరులో, ఆవాలు, జీలకర్ర ఉండాల్సిన గిన్నెల్లో కమ్మలూ జుంకాలూ బ్లూటూతులూ ఉంటాయి.

కాలిగోళ్ళకు రంగు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళనీ వదలదు. "కాలికి రంగేస్తే చెవికేమయితాది?" అని ఒక మహిళా కానిస్టేబులు ఎదురు తిరిగింది. "అందరికీ ఒకటే రూలమ్మా. రూలంటే ఏమో నీకు నేను చెప్పల్లా?" అంది సుజాతమ్మ. కానిస్టేబులు కమ్మలు తీసి డబ్బాలో వేసింది.

మామగారు పోయినప్పుడు మరీ అన్యాయం. ఆఖరి స్నానానికి నీళ్ళు తోడుతుంటే ఈమె ముందుకొచ్చి, "చెవుల్లో ఏమన్నా ఉండాదేమో చూడండప్పా" అంది. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపి మరీ చూశారు. ఆశ సిగ్గుతో తల కొంగులో దాచుకుంది.

ఆశ సుజాతమ్మకు తోడికోడలు. పార్లరులో సగం పని ఆమెదే. ఆ ప్రశ్న వింటే ఆమెకు ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆమె ఎడమ చెవికి నిజంగానే ఒక వినికిడి మిషను ఉంది. చిక్కబళ్ళాపురం వెళ్ళి తెచ్చుకున్న సంగతి మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. జుట్టు చెవుల మీదికి దువ్వి దాచేది. ఈ ఊళ్ళో కళ్ళద్దాలు పెడితే చదువుకున్నదంటారు, చెవికి మిషను పెడితే చెవిటిదంటారు. ఆశ మేనత్తను బతికినన్నాళ్ళూ చెవిటి రామక్క అన్నారు. ఆమె దినాల భోజనంలోనూ, వడ్డించినవాళ్ళు అదే పేరు చెప్పుకుని తిన్నారు.

మొదటి మిషను ఆరు నెలలకే పాడైంది. పెళ్ళికూతుళ్ళ జుట్టుకు కొట్టే స్ప్రే జిగురు దాని సన్నటి రంధ్రాల్లో గట్టిపడింది. రెండోది కొన్నప్పుడు మొగుడు మూడు రోజులు మాట్లాడలేదు. కొత్త మిషను పెట్టుకుని ఆ మూడు రోజులూ ఇంట్లో ఆశ విన్నది ఏమీ లేదు.

సరిగ్గా అప్పటినుంచే సుజాతమ్మకు ఈ జబ్బు పట్టుకుంది. రోజూ బోణీ ఆశతోనే.

"ఆశా, చెవుల్లో ఏమన్నా ఉండాదా?"

"ఏమీ లేదక్కా."

ఈమె నన్ను పట్టుకోవాలనే అడుగుతోంది, పట్టుకుంటే ఊరంతా టముకు వేస్తుంది అని ఆశ నాలుగేళ్ళు లోలోపల కారాలూ మిరియాలూ నూరింది. ఆమె నోట్లో మన్ను పడ అని శపించింది కూడా.

మొన్న గౌరిబిదనూరులో ఆశ కూతురు నేత్ర నిశ్చితార్థం. పొద్దున్నే పార్లరులో ఇద్దరే ఉన్నారు. సుజాతమ్మ ఆశ అడిగినట్టే జుట్టు చెవుల మీదికి దువ్వి, స్ప్రే చేతికి తీసుకుంది. ఆశ లెక్క వేసుకుంది. మిషను ఉంచుకుంటే ఇది కూడా పాడై, కూతురి నిశ్చితార్థంలో ఒక్క మాటా వినబడదు. తీస్తే గుట్టు రట్టవుతుంది, వియ్యాలవారి చెవిన పడుతుంది.

"చెవుల్లో ఏమన్నా ఉండాదా?"

"ఏమీ లేదక్కా."

"సరింగా చూసుకోమ్మా."

"లేదంటిని కదా! నాలుగేండ్ల నుంచి నా ప్రాణం తింటాండావు!"

సుజాతమ్మ స్ప్రే కింద పెట్టింది. పోపుల డబ్బా తెచ్చి ఆశ ఒళ్ళో ఉంచి, గోడవైపు తిరిగి నిలబడింది.

"నేను క్యాలెండరు చూస్తాంటా. నడిమి గిన్నెలో పెట్టు."

నడిమి గిన్నెకు మూత ఉంది. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఆశ మూత తీసింది. లోపల పొడి దూది ఉంది. దూది కింద సగం గిన్నెకు నారింజరంగు బిళ్ళలు. మిషనుకు కొత్త బ్యాటరీ వేసేటప్పుడు పీకేసే స్టిక్కర్లవి. పదిరోజులకొకటి ఆశ దొంగచాటుగా పారేసినవే.

"ఇవి నీకు యాడ దొరికెనక్కా?"

"కసువు చిమ్మేది నేను కదా. మా నాయనకూ ఇట్లాంటి మిషనే ఉన్నింది. చెత్తబుట్టలో ఉంటే ఎవరన్నా చూస్తారని తీసి పెడితిని."

ఆశకు ముందు ఏడుపొచ్చింది. తర్వాత కోపమే వచ్చింది.

"తెలిసీ ఊరందరి చెవులూ వెతికితివి. సచ్చిన మామనూ వదల్లేదు. నన్నొక్కదాన్ని పక్కకు పిలిచి అడిగింటే అయిపోయేది కదక్కా?"

"అడిగింటే మర్నాడు నువ్వు పనికొస్తాంటివా?"

ఆశ ఆలోచించింది. వచ్చేది కాదు.

"అందరూ తీస్తాంటే నువ్వూ తీస్తావనుకుంటిని" అంది సుజాతమ్మ, క్యాలెండరు మీదినుంచి కళ్ళు తిప్పకుండా. "నాలుగేండ్లు పడతాదని నేనేమన్నా కలగంటినా?"

ఆశ మిషను తీసి దూది మీద పెట్టి, "జుట్టు పైకి కట్టక్కా" అంది. స్ప్రే కొట్టాక సుజాతమ్మ ముందుకొచ్చి, పెదాలు కనబడేలా "ఆరేదాకా ఆగు" అని చెప్పింది. ఆరాక చేతులు తుడుచుకుని, గిన్నె అందించింది.

మధ్యాహ్నం గౌరిబిదనూరులో, చెవీ మిషనూ అందరికీ కనబడేలా కూర్చున్న ఆశ, వియ్యపురాలి తలలో పూలు పెట్టబోయి ఆగింది.

"వదినా, చెవుల్లో ఏమన్నా ఉండాదా?"

వియ్యపురాలు ఉలిక్కిపడి రెండు చెవులూ తడుముకుంది. వెనక నిలబడ్డ సుజాతమ్మ క్యాలెండరు కోసం గోడలన్నీ వెతికింది.