పిజ్జాకు కేకు లెక్క

మా ఎస్తేరు పదో తరగతి పాసైందని పిజ్జాలు తెప్పించిన. మా క్వార్టర్ల లైన్ల ఉన్న ఆడోళ్ళు తిన్నరు, పిల్లలు తిన్నరు, బొగ్గుబాయిలకు దిగిన మొగోళ్ళు గూడ తిన్నరు. తిననిది ఒక్క ఎస్తేరే! నవ్వుతరని నాకు ఎరికే. నవ్వుండ్రి గానీ, ఎట్లైందో మొత్తం విన్నంక నవ్వుండ్రి.

మాది మణుగూరు దిక్కు బాయి కాలనీ. మా ఆయన బాయిల పనిచేస్తడు. నేను అయిదు దాకా చదివిన. నలుగుట్ల నోరు తెరిచే మనిషిని గాను. చర్చిల సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి "దేవునికి స్తోత్రం" అని మళ్ళ కూసుంట, అంతే. పాస్టరమ్మ గూడ ఇప్పుడు అడుగుడు మానేసింది.

కానీ ఒక్క పనిల మాత్రం కాలనీ అంత నా పేరు చెప్తది. వంట లెక్క. పెండ్లైనా, క్రిస్మస్ విందైనా, ఎంతమందో చెప్తే చాలు, బియ్యం ఎన్ని, పప్పు ఎంత, కోళ్ళు ఎన్ని అనేది నా తలకాయల తయారైతది. నోటితోని చెప్ప. పోయి గిన్నె చూపిస్త. నేను చూపిన గిన్నె ఇప్పటిదాకా తప్పలే.

దాంట్ల ఒక కిటుకు ఉన్నది. మా దగ్గర ఏ ఫంక్షన్ పెట్టినా సగం మంది మొగోళ్ళు షిఫ్టులనే ఉంటరు. బాయిలకు దిగినోని వాటా ముందు డబ్బాల పెట్టినంకనే పైనున్నోళ్ళు తినాలె. ఎవరు మొదలుపెట్టిన్రో తెల్వదు. మనిషి వాటా ఇంట్ల ఉన్నదంటే మనిషి ఇంటికొస్తడని ఒక ధైర్యం. అందుకే నేను వచ్చినోళ్ళను చూసి బియ్యం పొయ్య. రానోళ్ళను తలుచుకొని పోస్త.

కేకుకు, బూందికి, బర్ఫీకి మాత్రం ఈ రూలు లేదు. అవి తిండి గాదు గద, సరదా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండ్రి. నా కొంప ముంచింది ఇదే.

మార్చిల మా ఎస్తేరుకు లెక్కలు పోయినయ్. పిల్ల బయటకు రాలే, ఎవరితోని మాట్లాడలే. గోడ దిక్కు తిరిగి పండేది. ఒకనాడు నేనే పక్కన కూసొని, "సప్లిమెంటరీ రాయి బిడ్డా. పాసైతే నీకేం గావాలె చెప్పు" అన్న.

"పిజ్జా" అన్నది. గోడ దిక్కు తిరిగే అన్నది.

టీవీల చూసిందట. అట్ల లాగితే దారాల తీరు సాగుతదట. ఈ పిల్ల నన్ను ఎప్పుడూ ఏదీ అడగలే. క్రిస్మస్‌కు గూడ "పోయినేటి గౌను ఉన్నది గద, అదే వేసుకుంట" అనేది. అది నోరు తెరిచి అడిగిన ఒక్కటంటే ఒక్కటి ఈ పిజ్జా. ఏది తప్పినా ఇది తప్పద్దు అనుకున్న.

అది పాసైంది! ఇగ పిజ్జా ఎన్ని చెప్పాలె అని తల్లీబిడ్డలం కూసున్నం. మా తమ్ముడు కొత్తగూడెం నుంచి మా దిక్కు జీపు నడుపుతడు. అక్కడ ఒక బేకరీల చేస్తరని వాడే చెప్పిండు. ఒక్కోదానికి ఎనిమిది ముక్కలట.

"మీ సప్లిమెంటరీ బ్యాచ్ ఎనిమిది మంది. తలా రెండు. అంటే రెండు పిజ్జాలు" అన్న నేను. "చుట్టుపక్కల అక్కలు, వాళ్ళ పిల్లలు తలా ఒకటి రుచి చూస్తరు. ఇంకో రెండు. మీదికెళ్ళి ఒకటి, ఎసట్ల గుప్పెడు ఎక్కువ పోసినట్టు. అయిదు!"

"మరి నాయినకో?" అన్నది ఎస్తేరు.

"మీ నాయిన గిసొంటియి తింటడానే? జొన్నరొట్టెను తప్ప ఇంకోదాన్ని రొట్టె అనడు."

"అయినా షిఫ్టుల ఉన్నోళ్ళను గూడ లెక్కపెట్టాలె గదమ్మా."

"కేకుకు లెక్కపెడ్తమా?"

"అది కేకా?"

"మరేంది? అట్టపెట్టెల వస్తది, బేకరీల దొరుకుతది, ముక్కలు కోసిస్తరు. కేకే!"

వంట లెక్కల నాకు ఎదురు చెప్పేటోళ్ళు కాలనీల ఎవరున్నరు?

కిరాణం కొట్టు కాడ రూపాయి ఫోన్ ఉంటది. అక్కడికి పోతే నలుగురు మొగోళ్ళు నిలబడి ఉన్నరు. వాళ్ళ ముంగట పిజ్జా అనడానికి సిగ్గు. ఫోన్ల గుసగుసగ, "తమ్మీ, అవి... అయిదు" అన్న.

"ఏవి అక్కా?"

"అవేరా... పిల్ల అడిగినయ్."

"ఓ, పిజ్జాలా! అయిదు సాలుతయా? ఏడెనిమిది తెస్త" అని వాడు అరిచిండు. ఫోన్ పక్కకున్నోళ్ళకు గూడ ఇనబడ్డది. "సాలు, సాలు" అన్న. అంతల బీప్ బీప్ అని కట్టయింది. ఇంకో రూపాయి వేసి "సరే, ఎనిమిది తే" అంటే అయిపోతుండె. సిగ్గై వచ్చేసిన.

ఆ రోజు ఎండ పొద్దుకు పిల్లలంత వచ్చి చాపల మీద కూసున్నరు. లైన్ల ఆడోళ్ళు గడప దగ్గర చేరిన్రు. ఆ వారం మా లైన్ల మొగోళ్ళు అందరు ఫస్ట్ షిఫ్టు, బాయిల ఉన్నరు. తమ్ముడు జీపు ఆపి పెట్టెలు దింపిండు. దారి పొడుగూత గుంతలు గద, మీద ఉండాల్సినయ్ అన్ని ఒక మూలకు జారినయ్.

"సల్లగైనయ్ అక్కా. జర వేడిచేసి పెట్టు" అని వాడు పోయిండు.

దేని మీద వేడిచెయ్యాలె? పెనం పెట్టిన. పెనం మీద పిజ్జా. ఇగ చూడండ్రి, కింద రొట్టె కాలుతున్నది, మీద ఉల్లిగడ్డ, టమాట, క్యాప్సికం మగ్గుతున్నయ్. ఇల్లంత కమ్మటి వాసన. మొదటిది దింపిన. అప్పుడు నా చెయ్యి నన్ను అడగనే అడగలే. గూట్ల ఉన్న మా ఆయన డబ్బా తీసింది, రెండు ముక్కలు పెట్టింది, మూత బిగించింది! ఇరవై ఏండ్ల అలవాటు. రొట్టె, కూర కనబడ్డయంటే ముందు ఆయన వాటా.

అది మా పక్కింటి లచ్చక్క చూసింది.

"ఏందే మార్తా, ఇది తిండే గద! రొట్టె ఉన్నది, కూర ఉన్నది. నేను కేకు తీరు అనుకుంటి. ఆగు, మా ఆయన డబ్బా తెస్త. మా పోరడు గూడ ఫస్ట్ షిఫ్టే."

ఇగ ఒక్కొక్కరు లేచిన్రు. పోయి డబ్బాలు పట్టుకొచ్చిన్రు. టింగుటింగుమని మూతల చప్పుడే!

"ఒక్క ముక్కేం సరిపోతది, బాయిల కష్టం జేసే మనిషికి? మూడు పెట్టు" అని ఒకామె.

"మా మరిది మా ఇంట్లనే తింటడు. ఆయనకు రెండు" అని ఇంకొకామె.

"పిల్లలు తిన్నంక తీద్దాం అక్కా." ఇంతే అనాలె. ఈ మాట నా గొంతు దాకా వచ్చింది. నోట్ల గూడ తయారుగున్నది. బయటకు మాత్రం రాలే. ఎట్ల వస్తది చెప్పుండ్రి? లచ్చక్క పెనిమిటిని ఒకపాలి కాలు విరిగి బాయిల నుంచి మోసుకొచ్చిన్రు. అప్పటి నుంచి ఆమె ఆయన వాటా తియ్యంది చాయ్ గూడ తాగదు. ఆమెను పట్టుకొని "నీ మొగని వాటా తర్వాత" అని ఏ నోటితోని అనాలె? అందరికంటె ముందు మూత పడ్డది నా మొగని డబ్బాకే!

నేను పెనం మీద వేడిచేసుడు, వాళ్ళు డబ్బాల సర్దుడు, వాటా తీసినంక తామింత రుచి చూసుడు. నడుమ నడుమ ఎస్తేరు పళ్ళెంల పెట్టుకొని దోస్తులకు పంచుతున్నది. తలా రెండు అనుకున్నయ్ తలా ఒకటైనయ్. "నువ్వు తినవే?" అని దోస్తులు అడిగితే, "అందరికి పెట్టినంక తింట" అంటున్నది. ఇంటిపిల్ల గద.

అందరికి పెట్టి వంటింట్లకు వచ్చింది. చివరి పెట్టె మూత తీసింది. లోపల నూనె మరక ఉన్నది.

"అయిపోయినయా అమ్మా?"

నేను దాని మొకం దిక్కు చూడలే. రవ్వ డబ్బా తీసి ఉప్మాకు నీళ్ళు పెట్టిన. పిల్లలు పాపం ఉప్మా తిన్నరు. "ఆంటీ, ఉప్మా మస్తుంది!" అన్నది ఒక పిల్ల. ఆ మాటకు ఇంకింత మనసు కాలింది.

తిరిగి చూస్తె, ఎస్తేరు అట్లకాడ పట్టుకొని పెనం గీకుతున్నది. పెనానికి అంటుకున్న ఆ తెల్లటి జిగురు ఎర్రగా మాడి ఉన్నది. అది నోట్ల వేసుకొని, "బాగుందమ్మా" అన్నది. దారం తీరు సాగుతదన్నది సాగలే. కరకరమన్నది.

అయినా నాకు ఒక ఆశ ఉండె. గూట్ల మా ఆయన డబ్బా! ఆయన ఇసొంటియి తినడు గద. ఒక్క కొస కొరికి, "ఏందే ఇది" అని పక్కకు నూకుతడు. ఆ రెండు ముక్కలు పిల్లకే. ఎస్తేరు గూడ అదే అనుకున్నట్టుంది. డబ్బా దిక్కు చూసుకుంట గడపల కూసున్నది.

షిఫ్టు దిగి వచ్చిండు. స్నానం చేసిండు. పీట మీద కూసున్నడు. డబ్బా ముంగట పెట్టిన. మూత తీసి అటు చూసిండు, ఇటు చూసిండు.

"ఏంది గిది?"

"పిజ్జా నాయినా" అన్నది పిల్ల.

"రొట్టె మీద కూర బోర్లించిన్రా?" అన్నడు. నా పాణం లేచొచ్చింది. నేను కండ్లతోని సైగ జేసిన, పిల్లకు పెట్టు అని. ఆయన నన్ను చూసి, "అవ్, మామిడికాయ తొక్కు వెయ్యి" అన్నడు! ఇరవై ఏండ్ల కాపురం, నా సైగ ఆయనకు గట్ల సమజైంది. తొక్కు వేసిన. నంజుకుంట ఒక ముక్క తిన్నడు. రెండోది మడిచి తిన్నడు. వేలు గూడ నాకిండు.

"బాగుందే! ఇంకుందా?"

నేను ఖాళీ డబ్బా తీసిన. ఆయన పిల్ల దిక్కు తిరిగి, "నువ్వు కడుపునిండ తిన్నవా బిడ్డా? నీ పార్టీ గద" అన్నడు.

"తిన్న నాయినా" అన్నది ఎస్తేరు. అనుకుంట నన్ను ఒక్క చూపు చూసింది. దాని తల్లి తీరే, అది గూడ నోటికాడి మాట మింగింది. నా నుంచి దానికి వచ్చిన ఆస్తి ఇదేనా అని ఆ పొద్దు నుంచి నన్ను తొలుస్తున్నది.

గిన్నెలు తోముకుంట కూసున్న నా పక్కకు వచ్చి కూసున్నది. చాలాసేపు బూడిదతోని పెనం రుద్దింది. తర్వాత మెల్లగ అన్నది, "అమ్మా, నేను మార్చిల ఫెయిలైన సబ్జెక్ట్‌లనే నువ్వు ఫెయిలైనవ్."

నాకు ఏడుపు వచ్చింది, నవ్వు గూడ వచ్చింది.

"ఫర్వాలేదమ్మా. సప్లిమెంటరీ ఉంటది" అన్నది.

"ఎప్పుడే?"

"ఆదివారం పెట్టు. బాయికి సెలవు. అందరు పైననే ఉంటరు."

మర్నాడే మళ్ళ కిరాణం కొట్టుకు పోయిన. ఈసారి రెండు రూపాయలు పట్టుకొని పోయిన. ఎంతమంది మొగోళ్ళు నిలబడ్డా సరే, "తమ్మీ, పిజ్జాలు!" అని గట్టిగనే అన్న. అందరు తిరిగి చూసిన్రు. చూస్తె చూడనీ. అయిదో తరగతితోని బడి మానేసిన దాన్ని, జుట్టు తెల్లబడే వయసుల నాకు వచ్చింది పదో తరగతి లెక్కల సప్లిమెంటరీ!