క్లిప్పులు వేయించుకున్న వారం

ముప్పై ఆరేళ్ల వయసులో పళ్లకు క్లిప్పులు వేయించుకున్నాను. ప్రొద్దుటూరు డాక్టరు కమ్మి బిగించి, వారం రోజులు మెత్తటివే తినమన్నాడు. జమ్మలమడుగులో బస్సు దిగేసరికే దవడలు సలపడం మొదలైంది. మర్నాటికి ఇడ్లీ ముక్క కూడా నమలలేకపోయాను. కమ్మి గుచ్చుకుని బుగ్గ లోపల పుండు పడింది. ఈ వయసులో నాకెందుకీ సోకు అని ఏడుపొచ్చింది.

మా అత్తకు నోట్లో ఒక్క పన్ను లేదు. కట్టుడు పళ్లు వద్దని చిగుళ్లతోనే అన్నీ తింటుంది. క్లిప్పులంటే ఆమె ముందే నవ్వింది కాబట్టి, ఆమె కంటబడకుండా వంటింట్లో మజ్జిగ తాగుతున్నాను. ఆమె వచ్చి నా చేతిలోని గ్లాసు తీసుకుంది.

"మూడు దినాల నుంచి ఇదేనా తాగుతాండేది? పండ్లు లేకుండా ఎట్ల తినాల్నో నన్నడగొచ్చు గదా!"

రాగిసంగటిని పప్పులో జారుగా పిసికి, నెయ్యి వేసి ఇచ్చింది. "నమలాకు. నాలికతో అంగిటికి ఒత్తి మింగు."

అలాగే మింగాను. మూడు రోజుల తర్వాత కడుపు నిండింది.

"సోకని నవ్వితివి గదత్తా," అన్నాను.

"నవ్వితి. నా పండ్లు పీకించుకున్నప్పుడు నాకెవురూ ఈ మాట చెప్పలా. శానా దినాలు ఆకలితోనే ఉంటి," అంది.

ఆ వారమంతా ఇద్దరికీ ఒకే గిన్నెలో పిసికింది. నొప్పి తగ్గి నేను మొదటిసారి దోసె కొరుకుతుంటే, ఎదురుగా కూర్చుని చివరి ముక్క దాకా చూసింది.