వెనక్కి తిప్పిన మిణుగురులు

షేక్‌పేట పాత ఊళ్లో పుట్టిన స్ఫూర్తికి పొద్దున యూనివర్సిటీలో లెక్కలు, మధ్యాహ్నం నుంచి ఫిల్మ్‌నగర్‌లో మా గ్రాఫిక్స్ ఆఫీసు. ఆరేళ్లుగా ఇదే బతుకు. నేను అక్కడ ఎడిటర్‌ని. నీ పీహెచ్‌డీ దేనిమీద అని అడిగి తల పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి.

"మూడేసి గల్లీలు కలిసే బస్తీ అనుకో అన్నా. ప్రతి మలుపుల ఒకటి ఇంటిదిక్కు, రెండు దూరం పోయేటివి. ఎటు పడితే అటు నడువు. ఒక అడుగు ముందుకు పడే అవకాశం ఎంతో, అదే అడుగు మళ్ల ఎనక్కి పడే అవకాశం గంతే ఉంటది. అయినా తిరిగి తిరిగి బస్తీ అంచుకే పోతవు. ఆ అంచేందో చెప్పుడే నా పని."

"ఆరేళ్లు చదివి తప్పిపోవడం నేర్చుకున్నావన్నమాట" అన్నాను. నవ్వింది.

సోమవారం ఆమె వైవా. పరీక్షకులిద్దరూ థీసిస్ బాగుందని రాసేశారు. దానికి ముందు శుక్రవారం మా డైరెక్టర్‌కి ఒక షాట్ కావాల్సి వచ్చింది. ఒకేచోటి నుంచి మిణుగురులు నలుదిక్కులా చెదిరిపోవాలి. స్ఫూర్తి తన థీసిస్ లెక్కతోనే వాటిని కదిలించింది. ఆయన చూసి, చెదరడం కాదు, వచ్చి చేరితే బాగుంటుందన్నాడు. ఆయనకి ఏదీ మొదటిసారి నచ్చి చావదు. షాట్‌ని వెనక్కి తిప్పాను. అంచుల నుంచి వచ్చి అన్నీ మధ్యలో ఒక్క చుక్క దగ్గర చేరాయి.

"మళ్ల ఎయ్యి అన్నా" అంది. నాలుగుసార్లు వేయించుకుంది. ఆమె ముఖం పాలిపోయింది.

"ముందుకు తిప్పినా ఎనక్కి తిప్పినా నడక ఒక్కతీరే ఉంటదని నలభై ఒకటో పేజీల రాసిన. ఒక్కో అడుగు చూస్తే నిజమే. మొత్తం నడక చూస్తే అబద్ధం. ఏది ముందుకు, ఏది ఎనక్కి అని ఎవలు చూసినా చెప్తరు."

థీసిస్ అంతా ఆ పేజీ మీదే నిలబడి ఉందట. ఎవరూ పట్టుకోలేదు కదా, ఊరుకో అన్నాను. అలా అన్నందుకు నాకేం సిగ్గు లేదు. ఆరేళ్లు ఆమె పడ్డ పాట్లు దగ్గరుండి చూసినవాణ్ణి. ఆమె వినలేదు. గైడుగారికి చెప్పి తీరాలంది.

వెంగళరావు నగర్‌లో ఉండే ఆ గైడు పట్టాభిరామయ్యగారి ఇంటికి నా బండి మీదే వెళ్లాం. బండెక్కాక అసలు సంగతి చెప్పింది. ఆ పేజీలోని సూత్రం ఆమె కనిపెట్టింది కాదు, ముప్పై ఏళ్ల కిందట ఆయన కనిపెట్టిందే. ఆయనకు పేరొచ్చింది దానివల్లే. నాకు వెనక్కి వెళ్లిపోదామనిపించింది.

స్ఫూర్తి ఫోన్‌లో చూపించిన మిణుగురుల వీడియోని ఆయన ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు.

"పరీక్షకులు ఒప్పుకున్నారు కదమ్మా?"

"ఒప్పుకున్నరు సార్."

"డిగ్రీ వచ్చేస్తుంది."

"వస్తది సార్. కానీ తప్పు సార్." నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఆ లెక్క మీద ఒళ్లు మండింది.

ఆయన సోమవారం వైవా ఆపేయమని యూనివర్సిటీకి తానే మెయిల్ రాసి పంపారు. స్ఫూర్తి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన ఒక కాగితం తీసుకుని పేర్లు రాయడం మొదలుపెట్టారు. పదకొండో పేరు దగ్గర కలం ఆగింది.

"వీళ్లందరి చేతా ఈ సూత్రం మీదే పీహెచ్‌డీలు చేయించానమ్మా. ముందు ఎవరికి చెయ్యమంటావు ఫోను?"