నాకు వినిపించని ప్రశ్న

నాకు చూపు లేదు. నరసరావుపేటలో ఒక బడిలో సోషల్ చెబుతాను. పాఠాలూ పరీక్ష పేపర్లూ ఇంట్లో కంప్యూటర్ మీద తయారు చేసుకుంటాను. తెర మీద ఏముందో ఒక సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. దాని నోరు ఒక్కచోట మాత్రం పడిపోయేది. కొత్త ప్రోగ్రామ్ ఏదైనా ఎక్కించబోతే కంప్యూటర్ అనుమతి అడుగుతుంది కదా, ఎస్సా నోనా అని. సరిగ్గా అప్పుడే మూగబోయేది. నన్ను అడిగే ప్రశ్న నాకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలిసేది. ఒళ్ళు మండేది.

"వదినా!" అని కేకేసేదాన్ని. పొయ్యి మీద కూర వదిలేసి మా అన్న భార్య పరుగున వచ్చేది. ఏముందో చదవమంటే, "చదివేదేముంది అమ్మాయ్, ఎస్ కొట్టా," అని వెళ్ళిపోయేది. అలా ఎస్ కొట్టీ కొట్టీ ఒకసారి కంప్యూటర్ నిండా ప్రకటనలు చేరి, పేపర్ తెరవడమే గగనమైంది. ఆమెను ఏమనగలను? ఏళ్ళ తరబడి నాకు కళ్ళయి తిరిగిన మనిషి.

బాగు చేయడానికి బజారులోని కంప్యూటర్ షాపు భాయ్ వచ్చాడు. చెత్తంతా తీసేసి, "అసలు ఈ అడగటమే లేకుండా చేస్తా అక్కా. మీకు చానా హాయి," అన్నాడు.

"వద్దు భాయ్. నా చీర రంగు దగ్గర్నుంచి అన్నీ నన్నడక్కుండానే జరిగిపోతన్నయ్. ఇదన్నా అడగనీ. నాకు వినబడితే చాలు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఎవరెవరికో ఫోన్లు చేశాడు, సెట్టింగులన్నీ తిరగేశాడు. చదివే సాఫ్ట్‌వేర్‌ను ఇన్నాళ్ళూ పెన్‌డ్రైవ్ నుంచి నడపడమే తప్పట. కంప్యూటర్‌లోకి పూర్తిగా ఎక్కిస్తే ఆ అనుమతి తెర మీద కూడా మాట్లాడుతుందట. భోజనం వేళ దాటిపోయినా కూర్చుని ఎక్కించి వెళ్ళాడు. అతని మేలు ఈ జన్మకు మరువను.

మర్నాడు ఊరూ పేరూ లేని ప్రోగ్రామ్ ఏదో లోపలికి రాబోయింది. అనుమతిస్తారా అని ఆ గొంతు నన్ను అడిగింది. అడిగి ఆగింది. నా జవాబు కోసం ఏదైనా అలా ఆగడం నాకు కొత్త. ఏడుపొచ్చింది. కాసేపు దాన్ని అలాగే ఆగనిచ్చి, నో నొక్కాను.

వంటింట్లోంచి వదిన, "ఏందది? రమ్మంటావా?" అంది.

"అక్కర్లేదొదినా. నో కొట్టేశా."

గరిటె పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత పోపు వాసనతో వచ్చి నా పక్కన నిలబడింది.

"నో కొట్టినా ఏం కాదా?" అని అడిగింది.