తెల్లబడిన చేప

షిగెనో చుట్టిన సుషి ముద్దను బల్లమీద వదిలితే, ఎటు దొర్లాలో తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయేదని క్యోటోలోని ఆ సందులో చెప్పుకునేవాళ్ళు. ఇందులో అబద్ధం పాలు సగమే. పదిహేడో ఏట ఆ పెట్టెభోజనాల కొట్లో చేరిన మనిషి, అరవై రెండు వచ్చినా తడిబట్టలో అన్నం మెలితిప్పుతూనే ఉంది. విందుల్లో ఆడిపాడే గైషాలు పెదాల రంగు చెదరకుండా ముద్దను ఒకేసారి నోట్లో వేసుకోవాలి కదా! సందులో ఎవరి నోరు ఎంత తెరుచుకుంటుందో పళ్ళ డాక్టరు కన్నా ఆమెకే బాగా తెలుసు.

ఆ చలికాలంలో ఆమె రెండు అరచేతులూ మొద్దుబారాయి. ఎవరికీ చెప్పలేదు. కొట్టు మేడమీద ఒక గది, కింద ఈ వంటిల్లు, అంతే ఆమెకున్నది. చేతులు పోయాయని తెలిస్తే వంటిల్లు పోతుంది.

ముద్ద గుండ్రంగా ఉందో లేదో కళ్ళు చెప్పేవి. చిక్కల్లా వేడితోనే. అన్నం ఒంటి వెచ్చదనానికి దిగాకే పచ్చి చేప తొడగాలి. అందుకని ఎవరూ చూడకుండా చిటికెడు అన్నం చెంపకు ఆనించుకునేది. చెంప ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

వసంత నృత్యాల రోజు వచ్చింది. ఊళ్ళో జ్వరాలున్నాయని యజమానురాలు మసాఎ అందరికీ ముఖానికి ముసుగు, చేతులకు మణికట్టు దాకా తొడుగులు పెట్టించింది. ఒక్క చెంపనైనా బయటపెట్టే వీల్లేదు. పన్నెండు పెట్టెలు మధ్యాహ్నానికల్లా వెళ్ళాలి. షిగెనో అన్నం గిన్నె మీద ఆవిరి తగ్గడం చూసింది, మనసులో నూరు లెక్కపెట్టింది, చుట్టడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఉమెహారు పెరటి గుమ్మంలోంచి వచ్చింది. డెబ్బై ఏళ్ళ గైషా, షిగెనోకు నలభై ఏళ్ళ స్నేహితురాలు. ముఖాన తెల్లరంగు ఇంకా కడగలేదు. తొమ్మిది గదుల నల్ల లక్కపెట్టె బల్లమీద పెట్టి మూత తీసింది. ఎనిమిది గదులు ఖాళీ. తొమ్మిదో దాంట్లో ఒకే ముద్ద.

"ఏమే షిగెనో, చేపను చలిమంట దగ్గర కూర్చోబెట్టావా? ఎంత తెల్లబోయిందో చూడు!" అని పకపకా నవ్వింది. "నీకు చూపిద్దామనే దీన్ని మిగిల్చా. మిగతావి తినేశాలే, ఏడవకు."

పల్చటి తై చేప ముక్కలోంచి కింద పెట్టిన పచ్చని చిగురాకు కనబడాలి. కనబడలేదు. వేడి అన్నం మీద చేప ఉడికి, సున్నం కొట్టిన గోడలా ఉంది.

"తొందరలో చూసుకోలేదే," అంది షిగెనో.

"నువ్వా! తొందరలోనా! నా పెళ్ళిచూపులు జరిగాయన్నా నమ్ముతా గానీ..."

ఉమెహారు నవ్వు సగంలో ఆగింది. వెనక మసాఎ నిలబడి పెట్టెలోకి చూస్తోంది. మరుగుతున్న కెటిల్‌లోంచి పిడిలేని కప్పులో అంచుదాకా టీ పోసి, గుడ్డతో పట్టుకొచ్చింది.

"అలిసిపోయావక్కా. ఇంద, తాగు."

తొడుగులు తీసేసిన రెండు చేతులతో షిగెనో అందుకుంది. "ఎందుకమ్మా నీకు శ్రమ," అని నవ్వింది. కప్పును అరచేతుల్లో పొదువుకుని, మాట కలుపుతూ నిలబడింది. వచ్చేవారం వెదురు మొలకలు వస్తాయంది. ఈ ఏడు చెర్రీపూలు ముందే రాలాయంది. ఎవరూ ఊకొట్టకపోవడంతో తలెత్తింది. ఉమెహారు చేత్తో నోరు మూసుకుంది. నలభై ఏళ్ళుగా చెదరని పెదాల ఎరుపు వేళ్ళకంటి బుగ్గదాకా పాకింది.

కప్పు ఎంత వేడిగా ఉందో షిగెనో ఆ ముఖంలో చూసి తెలుసుకుంది.

"దించు అక్కా," అంది మసాఎ మెల్లగా. "కాలిపోతున్నాయి."

షిగెనో కప్పు దించింది. అరచేతులు కందిపోయాయి. వాటిని వేరేవాళ్ళవి చూసినట్టు కాసేపు చూసి, తొట్టి దగ్గరికి వెళ్ళి ముద్దలు చుట్టే గుడ్డను ఉతికి, పిండి, మడతపెట్టి మసాఎ చేతిలో పెట్టింది.

"అరిగిపోయింది. నా చోట చేరే అమ్మాయికి వేరేది ఇవ్వు."